మంచుగడ్డగా మారిన నది: కర్ట్ లెవిన్ ప్రభావాన్ని దేనితో కొలవాలి?

శ్రీకాకుళంలో నేను చాలాకాలం పనిచేసిన కార్యాలయంలో రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చిన ఏడాది మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన బోర్డు మీద మూడు గళ్ళు గీశారు. మొదటి గడిలో పలకల మంచుగడ్డ, రెండో గడిలో నీళ్ళు, మూడో గడిలో గుండ్రటి మంచుగడ్డ. ముందు పాత అలవాట్లను కరిగించాలి, తర్వాత కొత్త రూపంలోకి మార్చాలి, చివరికి మళ్ళీ గడ్డకట్టించాలి అని వివరించారు. కింద కర్ట్ లెవిన్ అని ఒక పేరు రాశారు. మేమంతా శ్రద్ధగా పుస్తకాల్లోకి ఎక్కించుకున్నాం. కరిగిపోవలసిన గడ్డలం మేమేనని అందరికీ అర్థమైంది.

ఇన్నేళ్ళ తర్వాత ఆ మూడు గళ్ళ బొమ్మ విజయనగరంలో మా ఇంటికి వచ్చింది. ఎచ్చెర్లలో మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేస్తున్న మా మేనకోడలు తన సిద్ధాంతగ్రంథంలోని రెండో అధ్యాయం చదివి చూడమని తెచ్చింది. పలాస జీడిపప్పు పరిశ్రమలో యంత్రాలు వచ్చాక పని పద్ధతులు ఎలా మారాయన్నది ఆమె విషయం. మూడో పేజీలోనే మనస్తత్వశాస్త్రవేత్త లెవిన్ పేరుతో ఆ మంచుగడ్డ కనిపించింది. "మావయ్యా, ఈ రంగం మీద లెవిన్ ప్రభావం ఎంతటిదో ఒక పేరాలో రాయమన్నారు మా గైడు. ఆయన సైటేషన్ల లెక్క ఇస్తే సరిపోతుందా?" అని అడిగింది. సరిపోదన్నాను. ఎందుకు సరిపోదో చెప్పడం మొదలుపెడితే ఆ సాయంత్రం చాలలేదు. అప్పుడు చెప్పగలిగినదీ, చెప్పకుండా మిగిలిపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క సంగతి. ఒక పరిశోధకుడు తన రాతలో మరొకరి రాతను పేర్కొనడమే సైటేషన్. ఈ ఆలోచన ఫలానావారి దగ్గర తెచ్చుకున్నానని ఒప్పుకునే చేబదులు చీటీ లాంటిది. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ ఈ చీటీలన్నిటినీ ఒకచోట పోగుచేసి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను తెచ్చారు. ఏ వ్యాసాన్ని ఎవరు వాడుకున్నారో వెతుక్కోవడానికి ఉపయోగపడాలన్నది ఆయన ఉద్దేశం. కాలక్రమంలో ఆ వెతుకులాట సాధనం మనుషుల విలువ కట్టే తూనికరాయి అయింది. 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ అనే కొలతను ప్రతిపాదించారు. మీ వ్యాసాల్లో కనీసం పదింటిని, ఒక్కొక్కదాన్ని కనీసం పదిమంది పేర్కొంటే మీ సంఖ్య పది. జీవితమంతా ఒక్కటే పుస్తకం రాసి, దాన్ని లక్షమంది చదివి పేర్కొన్నా మీ సంఖ్య ఒకటే. ఈరోజు అధ్యాపకుల నియామకాల్లో, పదోన్నతుల్లో ఇలాంటి సంఖ్యలు అడుగుతున్నారు కాబట్టి మా మేనకోడలి మనసు అటు పోవడంలో తప్పు లేదు.

కానీ చీటీ మీద ఎందుకు తెచ్చుకున్నారో ఉండదు. పొగడటానికి పేర్కొన్నా, ఖండించడానికి పేర్కొన్నా, చదవకుండా పక్కవాడి జాబితా నుంచి దింపుకున్నా లెక్కలో ఒకటే. దీనికి తోడు మరో చిక్కు ఉంది. ఒక ఆలోచన బాగా వ్యాపిస్తే అది అందరి సొత్తయిపోయి, మొదట చెప్పినవారి పేరు ఎవరూ రాయరు. సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ ధోరణిని గుర్తించి దానికొక పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే వాన నీరు పొలంలోకి ఇంకిపోవడం. పైరు పచ్చగా ఉంటుంది, నీళ్ళు మాత్రం కంటికి కనిపించవు. అంటే అన్నిటికంటే లోతైన ప్రభావమే సైటేషన్ల లెక్కకు అందదు.

లెవిన్ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. ఆయన పేరు పైకి తేలుతూనే ఉంది. ఆలోచనే ఆవిరైంది.

కర్ట్ లెవిన్ 1890లో మోగిల్నో అనే చిన్న ఊళ్ళో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అప్పుడది ప్రష్యాలో భాగం, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా గాయపడ్డారు. ఆ తర్వాత బెర్లిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించారు. అక్కడ ఆయన చుట్టూ చేరిన విద్యార్థుల్లో బ్లూమా జైగార్నిక్, తమారా డెంబో, మరియా ఒవ్‌సియాంకినా వంటి స్త్రీలు ఉండటం ఆ రోజులకు అరుదైన విషయం. సగంలో ఆగిపోయిన పని పూర్తయిన పనికంటే బాగా గుర్తుంటుందని జైగార్నిక్ చూపించారు. దానికి బీజం కాఫీ హోటల్లో గురుశిష్యుల కబుర్లలోనే పడిందని చెబుతారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే లెవిన్ జర్మనీ వదిలి అమెరికా చేరారు. తల్లిని మాత్రం కాపాడుకోలేకపోయారు. ఆమె నాజీల నిర్బంధ శిబిరానికి బలైపోయింది. గుంపుగా చేరిన మనుషులు ఎందుకు మారతారు, ఎలా మారతారు అన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. కార్నెల్, అయోవాలలో పనిచేశాక మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సమూహాల మీద పరిశోధనా కేంద్రం నెలకొల్పారు. 1947 ఫిబ్రవరిలో, 56 ఏళ్ళకే గుండె ఆగి కన్నుమూశారు.

అదే ఏడాది 'హ్యూమన్ రిలేషన్స్' అనే పత్రిక మొదలైంది. లెవిన్ కేంద్రమూ, మానవ సంబంధాల మీద పరిశోధన చేసే లండన్‌లోని టావిస్టాక్ సంస్థా కలిసి స్థాపించిన పత్రిక అది. దాని తొలి సంచికలో లెవిన్ వ్యాసం ఆయన పోయాక అచ్చయింది. మార్పు మూడు అంచెలుగా జరుగుతుందన్న మాట అందులోనే ఉంది. ఎంత ఉంది? ఒక చిన్న ఉపశీర్షిక, దాని కింద ఒక పేరా. సమూహం పనితీరు ఒకసారి మెరుగైనా కొద్దిరోజులకే పాత స్థాయికి జారిపోతుంటుంది కాబట్టి, కొత్త స్థాయికి చేరడంతోనే సరిపెట్టుకోక అక్కడ నిలిచేలా కూడా చూసుకోవాలని ఆ పేరా సారం. బొమ్మ లేదు, గళ్ళు లేవు. మళ్ళీ గడ్డకట్టించడం అనే మాటలోని 'మళ్ళీ' కూడా ఆయనది కాదు, తర్వాతివాళ్ళు చేర్చింది. ఆయన గడ్డకట్టడం అని మాత్రమే రాశారు.

మిగతా వ్యాసమంతా దేని గురించి? ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. మార్పు లేనట్టు కనిపించే స్థితిని వివరించడానికి లెవిన్ ఎత్తుకున్న పోలిక మంచు కాదు, నది. పారుతున్న నది రోజూ ఒకే తీరున కనిపిస్తుంది, కానీ అందులోని నీరు ఒక్క క్షణం కూడా ఆగదు. దాని వేగాన్ని మార్చాలంటే పాయను ఇరుకు చేయాలి, లేదా వెడల్పు చేయాలి, వంకరలు సరిచేయాలి, అడ్డున్న రాళ్ళు తీయాలి అంటారాయన.

శ్రీకాకుళం వంతెన మీద నిలబడి నాగావళిని చూసినవారికి ఇది వెంటనే తడుతుంది. మాఘమాసంలో వరసగా పది రోజులు చూడండి, అదే నది, అదే మట్టం. కానీ ఆ మట్టం ఊరికే రాలేదు. ఎగువన ఒడిశా కొండల్లో పడిన వాన, తోటపల్లి దగ్గర, నారాయణపురం ఆనకట్ట దగ్గర కాలువలకు మళ్ళించిన నీరు, అడుగున పేరుకున్న ఇసుక, తవ్వుకుపోయిన ఇసుక, ఎండ, ఇవన్నీ ఒకదాన్నొకటి తూచుకుంటేనే ఆ మట్టం నిలుస్తోంది. ఒక కార్యాలయంలో రోజుకు ఇన్ని దరఖాస్తులే కదులుతాయి, ఒక మిల్లులో షిఫ్టుకు ఇంతే నేత దిగుతుంది, ఒక ఇంట్లో ఇవే కూరలు వండుతారు అన్నదీ అలాంటి మట్టమే. బద్ధకం వల్ల గడ్డకట్టింది కాదు. ముందుకు నెట్టే బలాలూ వెనక్కి పట్టే బలాలూ సమంగా ఉన్నచోట ఆగింది.

దీని నుంచి లెవిన్ తీసిన నిర్ణయమే ఆయన మొత్తం ఆలోచనకు గుండెకాయ అని నా అభిప్రాయం. మట్టం పెంచడానికి రెండు దారులున్నాయి. నెట్టే బలాన్ని పెంచవచ్చు: ఆదేశాలు, గడువులు, మెమోలు, బోనసులు. లేదా వెనక్కి పట్టే బలాన్ని తగ్గించవచ్చు: భయం ఎక్కడుంది, ఇబ్బంది ఎక్కడుంది, కొత్త పద్ధతిలో ఏది కుదరడం లేదు అని వెతికి తీసేయవచ్చు. రెండు దారుల్లోనూ మట్టం ఒకే ఎత్తుకు చేరవచ్చు. కానీ మొదటి దారిలో లోపల ఒత్తిడి పెరుగుతుంది, అలసట, కోపం, తగవులు పెరుగుతాయి. రెండో దారిలో ఒత్తిడి తగ్గుతుంది. పైనుంచి సంఖ్యలు మాత్రమే చూసే అధికారికి ఈ తేడా ఎప్పటికీ కనబడదు.

ఇది ఊహ కాదనడానికి ఆయన యుద్ధకాలంలో చేసిన ప్రయోగం ఉంది. అమెరికాలో మంచి మాంసం సైనికులకు పోతోంది. ఇళ్ళలో గుండె, మూత్రపిండాల వంటివి వండుకునేలా గృహిణులను ఒప్పించాలి. తినే అలవాట్ల మీద ప్రభుత్వం వేసిన కమిటీకి మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ కార్యదర్శి. లెవిన్ కొన్ని బృందాలకు పోషక విలువల మీద చక్కటి ఉపన్యాసం ఇప్పించారు, వంట పద్ధతులు అచ్చువేసి పంచారు. మిగతా బృందాలకూ అదే సమాచారం అందింది. కానీ అక్కడ వాళ్ళే కూర్చుని వాసన సంగతి, భర్త ముఖం చిట్లించడం సంగతి మాట్లాడుకున్నారు. చివర్లో ఎవరెవరు వండి చూస్తారని చేతులెత్తమన్నారు. తర్వాత ఇళ్ళకు వెళ్ళి అడిగితే ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం, మాట్లాడుకుని నిర్ణయించుకున్నవారిలో 32 శాతం ఆ వంటకం చేశారు. అందరికీ తెలిసినది ఒకటే. కలిసి నిర్ణయించుకోవడమే తేడా.

దీనికంటే లోతైనది హార్వుడ్ కథ. వర్జీనియా రాష్ట్రంలోని మారియన్ అనే ఊళ్ళో పైజమాలు కుట్టే ఫ్యాక్టరీ అది. దాని యజమానుల్లో ఒకరైన ఆల్ఫ్రెడ్ మారో స్వయంగా మనస్తత్వశాస్త్రం చదివినవాడు. 1939లో లెవిన్‌ను అక్కడికి పిలిచాడు. పనివాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, కూలి కుట్టిన బట్టల లెక్కన. ఫ్యాషన్ మారినప్పుడల్లా పని మార్చాలి, పని మారినప్పుడల్లా చేతివేగం పడిపోతుంది, చాలామంది మానేస్తారు. తగ్గిన సంపాదనకు కంపెనీ అలవెన్సు ఇచ్చేది. అయినా మానేసేవారు. అంటే చిక్కు డబ్బుతో తీరేది కాదు.

లెవిన్ పోయాక 1948లో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ ఈ ఫ్యాక్టరీలో చేసిన ప్రయోగాన్ని 'హ్యూమన్ రిలేషన్స్' పత్రికలోనే ప్రచురించారు. ఇస్త్రీ చేసే 18 మంది బృందం ఒకటి ఉంది. వాళ్ళ పనిలో వచ్చిన మార్పు వింటే ఇంతేనా అనిపిస్తుంది. అదివరకు అరడజను బట్టలు ఒక అట్టముక్క మీద పేర్చేవారు. ఇకమీదట ఒక అట్టపెట్టెలో పేర్చాలి. దీన్ని మామూలు పద్ధతిలోనే చేశారు: పిలిచి, మార్పు చెప్పి, కొత్త రేటు చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చి పంపారు. పని వేగం పడిపోయింది, మళ్ళీ లేవలేదు. సూపర్‌వైజరుతో తగవులు వచ్చాయి, రేటు కట్టిన ఇంజనీరు మీద కోపం పెరిగింది. 40 రోజుల్లో 17 శాతం మంది, అంటే ముగ్గురు, పని మానేశారు. అట్టముక్క పోయి పెట్టె వచ్చినందుకు!

మరో రెండు చిన్న బృందాలతో వేరే పద్ధతి పాటించారు. సమస్యను వాళ్ళ ముందు పెట్టారు. ఒకే రకం బట్టలు రెండు చూపించి, వీటిలో తక్కువ ధరకు అమ్ముడయ్యేది ఏదో చెప్పండని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. ఖర్చు ఎందుకు తగ్గించాలో అక్కడే తేలిపోయింది. కొత్త పద్ధతి ఎలా ఉండాలి, రేటు ఎలా కట్టాలి అన్నది అందరూ కూర్చుని తేల్చుకున్నారు. ఆ బృందాలు చాలా త్వరగా పాత వేగం అందుకుని, చివరికి దానికంటే దాదాపు 14 శాతం పైకి వెళ్ళాయి. ఒక్కరు కూడా మానలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే సందేహానికి చోటు ఉండేది. ఇస్త్రీ బృందంలోనివారే మొండివాళ్ళేమో అనుకోవచ్చు. రెండున్నర నెలల తర్వాత ఆ బృందంలో మిగిలిన 13 మందిని పిలిచి, మరో కొత్త పని ఇచ్చి, ఈసారి అందరినీ సంప్రదించే పద్ధతి పాటించారు. మొండివాళ్ళుగా కనబడినవారే చకచకా పాత వేగం అందుకుని ముందుకు పోయారు. మనుషులు వారే, ఫ్యాక్టరీ అదే. మారింది అడిగిన తీరు.

ఈ ప్రయోగాన్ని దేవుడి మాటగా తీసుకోనక్కరలేదు. బృందాలు చిన్నవి. వేర్వేరు బృందాల పనులు వేర్వేరు. ముఖ్యంగా, మార్పు రావాలా వద్దా అన్నది పనివాళ్ళను అడగలేదు. అది యాజమాన్యం ముందే తేల్చుకుంది, ఎలా అన్నదే అడిగింది. అడిగినట్టు నటించి ఒప్పించుకునే విద్యగా దీన్ని వాడుకున్న యాజమాన్యాలు తర్వాత చాలానే వచ్చాయి. ఈ విమర్శ న్యాయమైనది. అయినా ఆ 13 మంది సంగతి నా మనసులోంచి పోదు.

మరి ఈ నది మంచుగడ్డగా ఎప్పుడు మారింది? లెవిన్ మరణం తర్వాత, మంచి మనసుతోనే. ఆయన రాతలను 1951లో డార్విన్ కార్ట్‌రైట్ ఒక సంపుటిగా కూర్చారు. 1958లో రొనాల్డ్ లిపిట్, మరో ఇద్దరు కలిసి రాసిన పుస్తకంలో ఆ మూడు అంచెలు ప్రణాళికాబద్ధమైన మార్పుకు మెట్లయ్యాయి. కొరియా యుద్ధంలో చైనా చేతికి చిక్కిన అమెరికన్ బందీల మనసులు ఎలా మారాయో అధ్యయనం చేసిన ఎడ్గార్ షైన్, ఆ అనుభవాన్ని వివరించడానికి కరిగించడం, గడ్డకట్టించడం అనే మాటలను విస్తృతంగా వాడి సంస్థల దాకా తెచ్చారు. పాఠ్యపుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటూ పోయాయి. ప్రతి పుస్తకంలోనూ మూడు గళ్ళు మరింత స్పష్టమయ్యాయి, వాటి వెనకున్న బలాలు, సమూహం, సంప్రదింపు మరింత మసకబారాయి. 1992 నాటికి రోజబెత్ మాస్ కాంటర్, ఆమె సహరచయితలు, సంస్థను ఐసుముక్కగా చూసే ఈ సిద్ధాంతం కాలం చెల్లినదని గట్టిగా తిరస్కరించారు. తిరస్కరించింది లెవిన్‌ను అనుకున్నారు. నిజానికి తిరస్కరించింది ఆయన పేరుతో చలామణి అవుతున్న బొమ్మను.

2004లో బెర్నార్డ్ బర్న్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు లెవిన్ పక్షాన నిలబడ్డారు. మూడు అంచెలను విడిగా చూడకూడదని, క్షేత్ర సిద్ధాంతం (మనిషిని చుట్టూ ఉన్న బలాలన్నిటితో కలిపి చూడటం; ఆ బలాలన్నీ కలిసిందే క్షేత్రం), సమూహ గతిశీలత (గుంపు లోపల మనుషులు ఒకరినొకరు ఎలా కదిలిస్తారన్నది), కార్యాచరణ పరిశోధన (చేసి చూస్తూ, చూసింది బట్టి మళ్ళీ చేయడం) అనే లెవిన్ మిగతా మూడు ఆలోచనలతో కలిపే వాటికి అర్థమని వాదించారు. 2016లో స్టీఫెన్ కమింగ్స్, టాడ్ బ్రిడ్జ్‌మన్, కెన్నెత్ బ్రౌన్ మరో అడుగు ముందుకేసి మూలాలన్నీ గాలించారు. ఈ నమూనాను లెవిన్ ఒక నమూనాగా తయారే చేయలేదని, అది తర్వాతి తరాలు కట్టిన కట్టడమని చూపించారు. ఆ వ్యాసం వెలువడింది కూడా 'హ్యూమన్ రిలేషన్స్'లోనే, తొలి సంచిక వచ్చిన 69 ఏళ్ళకు.

ఇలాంటిదే మరో మాటకూ జరిగింది. 'మార్పుకు ప్రతిఘటన' అనే మాట ఇప్పుడు ప్రతి అధికారి నోటా ఉంది. లెవిన్ దృష్టిలో అది క్షేత్రంలోని బలం. అధికారి కూడా ఆ క్షేత్రంలో భాగమే, ఆయన తొందర కూడా ఒక అడ్డే కావచ్చు. 1999లో ఎరిక్ డెంట్, సూజన్ గోల్డ్‌బర్గ్ ఈ మాట ప్రయాణాన్ని వెతికి, క్రమంగా అది కిందిస్థాయి ఉద్యోగి మనసులోని జబ్బుగా ఎలా కుదించుకుపోయిందో రాశారు. నా మటుకు మంచుగడ్డ బొమ్మ చేసిన హానికంటే ఈ కుదింపు చేసిన హానే పెద్దది. బొమ్మ పుస్తకంలో ఉంటుంది, ఆ ముద్ర మనిషి మీద పడుతుంది.

ప్రభావం ఎలా పాకుతుందో తెలియడానికి ఇంకో ఉదాహరణ. మేనేజ్‌మెంట్ ఆచార్యుడు జాన్ కాటర్ 1995లో ఒక వ్యాసం, 1996లో ఒక పుస్తకం రాసి, సంస్థలో మార్పుకు ఎనిమిది మెట్లు చెప్పారు. ప్రపంచమంతటా కంపెనీలు వాటిని పట్టుకున్నాయి. ఆ మెట్లలో మొదటిది అత్యవసర భావన కలిగించడం, చివరిది కొత్త పద్ధతిని సంస్థ సంస్కృతిలో నాటుకునేలా చేయడం. కరిగించడం, గడ్డకట్టించడం వాసన తెలుస్తూనే ఉంది. కానీ ఆ రెండు రచనల్లోనూ ఆధారాల పట్టిక లేదు. లెవిన్ ఖాతాలో ఒక్క చీటీ కూడా పడలేదు. ఇక మార్పు ప్రయత్నాల్లో 70 శాతం విఫలమవుతాయని మీరు వినే ఉంటారు. 2011లో మార్క్ హ్యూస్ దాని మూలాలు వెతికితే నమ్మదగిన ఆధారం దొరకలేదు. మైఖేల్ హామర్, జేమ్స్ చాంపీ 1993లో తమది శాస్త్రీయమైన అంచనా కాదని ఒప్పుకుంటూనే చెప్పిన మాట, చీటీ నుంచి చీటీకి పాకుతూ సత్యమైపోయింది. పేర్కొన్నవారు ఎందరన్న లెక్కతో సత్యాన్ని తేల్చలేమనడానికి ఇంతకంటే నిదర్శనం వద్దు.

లెవిన్ ఆలోచన మన దేశానికి రాలేదా అంటే, వచ్చింది, చాలా ముందే వచ్చింది. టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లుకు వచ్చారు. అక్కడ కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు, అనుకున్నంత నేత రావడం లేదు. షెడ్డులో 224 మగ్గాలు. పని పన్నెండు రకాలుగా చీలిపోయి ఉంది: నేసేవాడికి ఇన్ని మగ్గాలు, బాబిన్లు పెట్టేవాడికి మరికొన్ని, తెగిన పోగులు అతికేవాడికి ఇంకొన్ని. ఎవరి హద్దులు ఎవరితోనూ కలవవు. నెల్లిమర్ల చుట్టుపక్కల జూటుమిల్లుల్లో పనిచేసిన కుటుంబాలవారికి ఈ దృశ్యం విడమర్చి చెప్పనక్కరలేదు. పోగు తెగితే అది ఎవరి పని అన్న తగవులోనే మగ్గం ఆగిపోయి ఉంటుంది. చిన్న బృందానికి కొన్ని మగ్గాలు పూర్తిగా అప్పగిస్తే ఎలా ఉంటుందని రైస్ ఆలోచన చెప్పారు. పనివాళ్ళు, సూపర్‌వైజర్లు దాన్ని అందిపుచ్చుకుని ఎవరెవరు ఏ బృందంలో ఉండాలో తామే తేల్చుకున్నారు. తొలి రోజుల తడబాటు దాటాక నేత పెరిగింది, చెడిపోయే గుడ్డ తగ్గింది.

టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ 1970లో వెళ్ళి ఆ షెడ్లను మళ్ళీ చూసి, 1975లో తాను చూసింది రాశారు. ఒకచోట బృందాల పద్ధతి దాదాపు చెక్కుచెదరకుండా సాగుతోంది. మరికొన్ని చోట్ల చుట్టూ ఉన్న పరిస్థితులు మారి, ఒత్తిళ్ళు పెరిగి, అది చెరిగిపోయింది. మళ్ళీ గడ్డకట్టించండి అని చెప్పేవాళ్ళకు ఈ రెండో సగం మింగుడుపడదు. నదిని తలచుకున్నవారికి ఇందులో వింత ఏమీ లేదు. ఎగువన వాన మారితే దిగువన మట్టం మారుతుంది.

1970ల నడుమ ఉదయ్ పారీక్, తెలుగువారైన టి.వి. రావు కలిసి లార్సెన్ అండ్ టూబ్రోలో మానవవనరుల అభివృద్ధికి ప్రత్యేక విభాగం రూపొందించినప్పుడు, మనుషులను లెక్కలోకి తీసుకుని సంస్థను మార్చాలన్న ఆ ధార మరో దారిన మనదాకా ప్రవహించింది. లెవిన్ శిష్యులు 1947లో అమెరికాలోని బెతెల్‌లో మొదలుపెట్టిన చిన్న బృందాల శిక్షణ ఈ తరం భారతీయ ఆచార్యులకు బాగా పరిచయం. ఈరోజు ఏదైనా కార్యాలయంలో పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి, ఈ పని చేయడానికి తోడ్పడేవి ఏమిటి, అడ్డుపడేవి ఏమిటి అని రెండు వరసలు రాయిస్తుంటే, అక్కడ లెవిన్ పేరు ఎవరికీ తెలియకపోయినా ఆయన ఉన్నట్టే. ఇంకిపోయిన నీరు అంటే ఇదీ.

వీటన్నిటినీ కలిపితే మా మేనకోడలికి నేను చెప్పగలిగినది ఇది. ప్రభావాన్ని రాయాలంటే మూడు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవాలి. పేరు ఎంత దూరం పోయింది? ఆలోచన ఏ రూపంలో పోయింది? ఆయన దగ్గర నేర్చుకున్నవారు ఏం చేశారు? సైటేషన్ల లెక్క మొదటి ప్రశ్నకే జవాబు. రెండోదానికి మూలం చదవడం తప్ప దారి లేదు. మూడోది చూస్తే, 20వ శతాబ్దపు ప్రముఖ మనస్తత్వవేత్తల మీద 2002లో వెలువడిన ఒక ప్రసిద్ధ జాబితాలో లెవిన్‌ది 18వ స్థానం, ఆయన శిష్యుడు లియోన్ ఫెస్టింగర్‌ది 5వ స్థానం. గురువుకంటే శిష్యుడు పైన ఉన్నాడు. ఒక అధ్యాపకుడికి అంతకంటే ఏం కావాలి?

ఆమె అధ్యాయంలో పలాస పనివాళ్ళ గురించి 'మార్పుకు ప్రతిఘటన' అన్న శీర్షిక ఒకటి ఉంది. జీడిగింజ తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ళ తరబడి గింజలు కొట్టిన చేతులకు వేలిముద్రల గీతలు అరిగిపోతాయి. అలాంటి చోట వేలిముద్రతో హాజరు పెట్టారనుకో, పదిసార్లు వేలు పెట్టినా యంత్రం గుర్తించదు, గింజలు కొట్టే స్త్రీ విసుగుపడి పక్కకు తప్పుకుంటుంది, పట్టికలో అది ప్రతిఘటనగా నమోదవుతుంది అన్నాను. అడ్డున్నది ఆమె మనసు కాదు, పాయలో ఉన్న రాయి. ఆ శీర్షిక కింద రాసిన ప్రతి సంఘటననూ మళ్ళీ వెళ్ళి అడిగి వస్తానంది మా మేనకోడలు. "వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాస్తాను మావయ్యా" అంది.

ఈ నమ్మకం నాకు లెవిన్‌ను చదివాక వచ్చింది కాదు. మా కార్యాలయంలో కళ్ళారా చూశాను. కంప్యూటర్లు వచ్చాక కూడా మా సెక్షన్లో సీనియర్ గుమాస్తా ఒకాయన పాత రిజిస్టరు మానలేదు. పగలు కంప్యూటర్లో ఎక్కించేవారు, సాయంత్రం అదే రిజిస్టర్లో రాసుకునేవారు. పైవారికి తెలిసి ఆయనను మందలించారు, మెమో ఇచ్చారు, ఈ వయసువాళ్ళు మారరు అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు, రాయడమూ మానలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. పక్క కుర్చీలో ఉండి నేనూ అడగలేదు.

కొన్నేళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి మరొకటి తెచ్చారు. ఈసారి వచ్చిన అధికారి శిక్షణకు ముందే సెక్షన్లో అందరినీ కూర్చోబెట్టి, ఆ రిజిస్టరు తెప్పించి, ఇందులో ఉన్నది కంప్యూటర్లో లేనిది ఏమిటని ఆ పెద్దాయనను అడిగారు. ఆయన ఒక పేజీ తెరిచి చూపించారు. ఒకే ఊళ్ళో ముగ్గురు సూర్యనారాయణలు, ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే. పక్క పేజీలో నలుగురు అప్పలనాయుళ్ళు. అరసవల్లి సూర్యుడికి దగ్గరగా ఉన్న జిల్లాలో ఇది రోజూ ఉండేదే. రిజిస్టర్లో ప్రతి పేరు పక్కనా తండ్రిపేరు, వీధి, గుర్తు కోసం ఒక మాట ఆయన సన్నటి అక్షరాలతో రాసి ఉంచారు. పాత సాఫ్ట్‌వేర్‌లో దానికి గడి లేదు. ఒకరికి రావలసిన డబ్బు మరొకరికి పోకుండా అన్నేళ్ళూ ఆపింది ఆ గీతల పుస్తకమే.

కొత్తదాంట్లో ఆ గడి పెట్టించారు. ఏం రాయాలో ఆయనే చెప్పారు, ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని రెండు నెలల్లో మొత్తం ఎక్కించారు. రిజిస్టరు మూసేయమని ఎవరూ ఆదేశం ఇవ్వలేదు. ఒకరోజు బీరువాలో వేరే కాగితం వెతుకుతుంటే అది నా చేతికి తగిలింది. తెరిచి చూశాను. ఆయన చివరి నమోదు, కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైన తర్వాతి వారం నాటిది.